చెమట కనపడని ఎండ

ఈజిప్టులోని సినాయ్ ద్వీపకల్పానికి దక్షిణపు కొసన, అకాబా సింధుశాఖ ఎర్ర సముద్రంలో కలిసే చోట షర్మ్ ఎల్ షేక్ ఉంది. ఒకప్పటి జాలరి పల్లెలో ఇప్పుడు ఒడ్డు పొడవునా హోటళ్లే. వెనక బోడి కొండలు, ముందు అడుగు కనిపించేంత తేటనీరు. వాన దాదాపు ఎరగని ఊరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటి వేడి 38 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది, కొన్ని రోజులు 40 దాటుతుంది.

రెంటచింతల, రామగుండం వేసవులు చూసిన తెలుగువాళ్లకు ఈ అంకెలు పెద్దగా అనిపించవు. తేడా అంకెలో లేదు, గాలిలో ఉంది. విశాఖ ఒడ్డున చెమటకు చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఆ ఉక్కపోతే మనిషిని నీడకు తరుముతుంది, మంచినీళ్లు తాగిస్తుంది. షర్మ్‌లో గాలి పొడిగా ఉండి, ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. సాయంత్రం చొక్కా విప్పి చూస్తే బట్ట పొడిగానే ఉంటుంది, చంకల దగ్గర మాత్రం తెల్లటి ఉప్పు చార కనిపిస్తుంది. పగలంతా ఒంట్లోంచి పోయిన నీటికి గుర్తు అదొక్కటే.

అందుకే అక్కడ దాహాన్ని నమ్ముకుంటే సరిపోదు. నమ్మదగిన కొలత మూత్రం రంగు. అది లేత పసుపులో ఉంటే చాలు, ముదిరితే నీళ్లు తక్కువైనట్టే. బయట తిరిగే రోజున మూడు లీటర్లకు తగ్గకుండా తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు ఈ లెక్కను ముందే తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి. మద్యం మూత్రాన్ని పెంచి ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తుంది. ఆ ఊళ్లో మజ్జిగకు బదులు కర్కదే దొరుకుతుంది. మన ఎర్ర గోంగూర జాతి మొక్క పువ్వుల అడుగున ఉండే ఎర్రటి రేకులను కాచి చేసే పుల్లటి పానీయమది. ఐసు వేయించుకోకుండా తాగితే మంచిదే. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఈలోపు చాలామంది సెలవే అయిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు పదకొండు నుంచి నాలుగు దాకా గదిలోనో నీడలోనో గడపడం తెలివైన పని.

తల తిరగడం, కండరాలు పట్టేయడం, వాంతి వచ్చినట్టుండడం మొదటి హెచ్చరికలు. నీడ, ఓఆర్ఎస్, విశ్రాంతితో చాలావరకు తగ్గుతాయి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. జ్వరం మాత్ర ఈ వేడిని దించదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

నీళ్లలోనూ ఎండ దాక్కునే ఉంటుంది. స్నార్కెలింగ్ చేసేవాళ్లు బోర్లా తేలుతూ గంటసేపు చేపల్ని చూస్తారు, ఆ గంటా సూర్యుడు వీపునే కాలుస్తాడు. చల్లటి నీటిలో మంట తెలియదు, రాత్రి పక్క మీద వాలినప్పుడు తెలుస్తుంది. చామనఛాయ, నలుపు ఒళ్లకు కొంత రక్షణ ఉన్నా అవీ కాలతాయి. కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చినప్పుడల్లా రాయాలి. అంతకంటే పొడుగు చేతుల ఈత చొక్కా మేలు.

ఎర్ర సముద్రంలో లీటరుకు సుమారు 40 గ్రాముల ఉప్పు ఉంటుంది, ప్రపంచ సగటు 35. ఆ ఉప్పు నీటిలో మనిషి సులువుగా తేలతాడు. దాంతో ఈత రానివాళ్లకూ లేని ధైర్యం వస్తుంది. పగడపు దిబ్బ అంచు దాటగానే మాత్రం లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, లైఫ్ జాకెట్ తప్పనిసరి. 2010 డిసెంబరులో ఇక్కడ సొరచేప దాడిలో ఒక జర్మన్ పర్యాటకురాలు చనిపోయింది. అప్పటినుంచి అందరి భయమూ సొర మీదే. నిజానికి కాలికి తగిలేవి పగడాల గీతలు, సీ అర్చిన్ ముళ్లు, రాయిలా కదలకుండా పడి ఉండే స్టోన్‌ఫిష్. రబ్బరు బూట్లు వేసుకోవాలి, దేన్నీ ముట్టుకోకూడదు. స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు కాలే ఇసుక మీద ఒట్టికాళ్లతో నడవకూడదు. స్పర్శ తగ్గిన అరికాలు బొబ్బలెక్కినా వాళ్లకు తెలియదు.

కుళాయి నీళ్లు తాగడానికి పనికిరావు, పళ్లు తోముకోవడానికీ సీసా నీళ్లే వాడాలి. బఫేలో పొగలు కక్కే వంటకం దగ్గరికి వెళ్లాలి, గంటల తరబడి బయట పెట్టిన సలాడ్ జోలికి పోకూడదు. విరేచనాలైతే ఓఆర్ఎస్ ముందు. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలపాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టరే దిక్కు. మందుల సంచిలో ఇంకో చిక్కు ఉంది. ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రల మీద ఈజిప్టులో గట్టి ఆంక్షలున్నాయి. మన దగ్గర డాక్టర్లు రాసే కొన్ని మాత్రల్లో అది పారాసెటమాల్‌తో కలిసి ఉంటుంది. విమానం ఎక్కకముందే అట్ట మీద పేరు చదువుకోవాలి.

డైవింగ్ చేసినవాళ్ల రక్తంలో, కణజాలాల్లో నత్రజని కరిగి నిలిచి ఉంటుంది. ఒత్తిడి తగ్గే చోటికి తొందరగా వెళితే అది బుడగలు కట్టి కీళ్లను, నరాలను, ఒక్కోసారి మెదడును దెబ్బతీస్తుంది. పలుసార్లు మునిగినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. ఈ సంగతి చాలామందికి తెలుసు. కొండ విషయమే గుర్తుండదు. షర్మ్ నుంచి రాత్రికి బయలుదేరి 2,285 మీటర్ల సినాయ్ పర్వతం మీద సూర్యోదయం చూసి రావడం అక్కడ మామూలు యాత్ర. విమానం లోపలి గాలి ఒత్తిడి కూడా ఇంచుమించు ఆ ఎత్తులో ఉన్నంతే. కొండ ఎక్కాలనుకునేవాళ్లు ముందు కొండ ఎక్కి, ఆ తర్వాతే సముద్రంలోకి దిగాలి.