పని పోనాది... కార్డు పోనేదు

ఉద్యోగం పోయినవాళ్లకు అందుబాటులో ఉన్న ఆరోగ్య బీమా పాలసీలేవో పట్టిక వేసి శుక్రవారం సాయంత్రానికల్లా ఇమ్మన్నారు ఎడిటర్‌గారు. నెల్లిమర్లలో జూట్ మిల్లు దగ్గరి టీ బడ్డీలో "పని పోనాది, కార్డూ పోనాది" అన్న మాట చెవిన పడ్డాక ప్రీమియాల లెక్క పక్కన పెట్టేశాను. ఆ మాటలో మొదటి సగం నిజం. రెండోది, అంటే ఈఎస్‌ఐ వైద్యం కార్డు పోయిందన్నది, నిజమో కాదో తేల్చేది ఒక ఎక్సెల్ షీటు.

యాజమాన్యం నెలనెలా ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఎక్కించే షీటు అది. కార్మికుడి నంబరు, పేరు, ఎన్ని రోజులకు జీతం ఇచ్చారు, ఎంత ఇచ్చారు. ఆ రోజులు సున్నా అయితే పక్క గడిలో కారణం రాయాలి, అదీ అంకెల్లోనే. 2 వేస్తే ఉద్యోగం వదిలేశాడని. 5 అయితే చనిపోయాడు. 9 సమ్మె లేదా లాకౌట్. 10 రిట్రెంచ్‌మెంట్. 11 పని లేదు. చివరి గడిలో ఆఖరి పనిదినం తేదీ. పాతికేళ్లు మగ్గం ముందు నిలబడ్డ మనిషి కథ ఆ రెండు గడుల్లో ముగిసిపోతుంది.

రాజీనామా రాసిచ్చినవాడికి పడేది 2. యాజమాన్యమే తీసేస్తే పడాల్సింది 10. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, నిర్ణీత కాలం చందా కట్టినవాడికి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. 2005 ఏప్రిల్ 1 నుంచీ ఉంది. మొదటి ఏడాది రోజు జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు భత్యంగా ఇస్తారు. అది అందినంత కాలం ఇంటిల్లిపాదికీ ఈఎస్‌ఐ వైద్యం. రాజీనామా చేసినవాడికి ఇందులో ఏదీ రాదు. "ఇవాళ సంతకం పెట్టు, రేపే సెటిల్‌మెంట్" అంటే తొందరపడి పెట్టే సంతకం ఖరీదు ఇదీ. 10 పడితే సరిపోదు, నోటీసు కాగితం కూడా చేతిలో ఉండాలి.

ఇక తేదీ. ఈఎస్‌ఐకి ఏడాదిలో రెండు చందా కాలాలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. మొదటిదాంట్లో 78 రోజులకు చందా పడితే వచ్చే జనవరి నుంచి జూన్ ఆఖరు వరకు, రెండోదాంట్లో పడితే జూలై నుంచి డిసెంబరు ఆఖరు వరకు వైద్యం అందుతుంది. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఇద్దరు ఏప్రిల్ నుంచీ నాగా లేకుండా పనిచేశారనుకుందాం, సెలవులకూ జీతం పడిందనుకుందాం. ఒకణ్ని డిసెంబరు 10న మానిపించారు. అప్పటికి రెండో కాలంలో 71 రోజులు. అతని కార్డు జూన్ 30 వరకే. రెండోవాణ్ని 20న మానిపించారు, 81 రోజులు. అతనిది ఆపై డిసెంబరు 31 దాకా నడుస్తుంది. పది రోజుల తేడాకు ఆరు నెలల వైద్యం! గేటు దగ్గర ఈ లెక్క చెప్పేవాళ్లెవరూ నాకు కనబడలేదు.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్ల దారి వేరు. అయిదేళ్లు బీమాలో ఉండి వీఆర్‌ఎస్ కింద బయటికొస్తే ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందవచ్చు. సున్నా ఏమీ తగ్గలేదు, నూట ఇరవయ్యే. ఏ కంపెనీ పాలసీ పట్టికలోనూ ఇంత చిన్న అంకె లేదు. క్యూలూ, రిఫరల్ చీటీలూ, పెద్ద జబ్బయితే విశాఖ మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి దాకా ప్రయాణం, ఈ తిప్పలు మాత్రం తప్పవు.

చరిత్ర క్లుప్తంగా: 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో ఈఎస్‌ఐ మొదలైంది. నెల జీతం పరిమితి 2017 నుంచి 21,000. కార్మికుడి చందా 2019 జూలై నుంచి నూటికి ముప్పావలా. 2007 ఏప్రిల్ 1న రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) తొలిసారి అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి.

పైడిభీమవరంలో 21,000 దాటినవాళ్లకు

ఈఎస్‌ఐ పరిమితి దాటిన ఈ జీతగాళ్లకు మందుల కంపెనీల్లో సాధారణంగా ఉండేది గ్రూప్ పాలసీ. ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. పోకముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారతామని రాతపూర్వకంగా అడగాలి. అప్పుడు గడిచిన నిరీక్షణ కాలం కలిసొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేదు. కొత్తగా కొంటే మాత్రం పాత జబ్బుకు మూడేళ్ల దాకా పైసా ఇవ్వకపోవచ్చు. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బున్న ఇంట్లో ఆ మూడేళ్ల ప్రీమియం ఎందుకు కట్టాలో చెప్పగల ఏజెంటు ఉంటే నేనూ వింటాను. డయాలసిస్‌కు అక్కడ ఆదుకునేది ఎన్టీఆర్ వైద్య సేవే.

సచివాలయంలో అడగాల్సింది

2019 చివర్లో సడలించిన నిబంధనల ప్రకారం ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలూ ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి వైద్య సేవ పరిధిలోకి వచ్చాయి. జీతం ఆగిపోయినా రికార్డుల్లో పాత ఆదాయమే ఉండిపోతే దాన్ని మార్పించుకోవాలి. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. 2025 నవంబరు 21న కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి 78 రోజుల లెక్కనూ, 120 రూపాయల వెసులుబాటునూ ఈఎస్‌ఐ శాఖా కార్యాలయంలో ఒకసారి ఖాయం చేసుకోండి. వెళ్లినప్పుడు మీ నంబరు చెప్పి, కారణం గడిలో ఏ అంకె పడిందో కూడా చూపించమనండి.