వారానికి రెండు గంటల తండ్రి

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) ఆరో సెక్షన్ ప్రకారం మైనర్ బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. విడాకులైన తండ్రులు చాలామంది ఈ మాటను నమ్ముకునే ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కుతారు. కానీ బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని అదే సెక్షన్ చెబుతోంది. పదమూడో సెక్షన్ ఇంకా ముందుకెళ్లి, అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమంటుంది. పసిబిడ్డ కస్టడీ కోరే తండ్రి, తల్లి దగ్గర ఉంటే బిడ్డకు మేలు జరగదని రుజువు చేయాల్సి ఉంటుందని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే తండ్రి పోరాటం చాలావరకు పూర్తి కస్టడీ కోసం కాదు, బిడ్డను చూసే అవకాశం కోసం.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేసే పిటిషన్‌ను బిడ్డ మామూలుగా నివసించే ఊరి కోర్టులోనే వేయాలి. తల్లి బిడ్డతో శ్రీకాకుళంలోని పుట్టింట్లో స్థిరపడితే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తండ్రి ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి, రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లాలి. తీరా వెళ్తే అవతలి పక్షం గడువు అడుగుతుంది, కేసు మళ్లీ వాయిదా పడుతుంది.

తీర్పు వచ్చేలోగా కోర్టు మధ్యంతర ఉత్తర్వులిస్తుంది. సాధారణంగా వారానికో, పక్షానికో కొన్ని గంటలు, తరచూ కోర్టు ఆవరణలోనే. అరిగిపోయిన బొమ్మలు, రెండు మూడు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్న గదిలో తండ్రి చాక్లెట్ పట్టుకుని కూర్చుంటాడు. బిడ్డ మొదటి అరగంట తలుపు వైపే చూస్తుంది. కాస్త చేరువై కబుర్లు మొదలుపెట్టేసరికి సమయం అయిపోతుంది. అన్నం తినిపించడం, హోంవర్క్ చేయించడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం ఆ గదిలో కుదిరే పనులు కావు. పెంపకమంటే అవే కదా!

కొన్నిసార్లు ఆ రెండు గంటలూ దక్కవు. బయల్దేరే వేళకు 'పాపకు ఒంట్లో బాగోలేదు' అని మెసేజ్ వస్తుంది. అది నిజమే కావచ్చు, కాకపోవచ్చు. ఉత్తర్వుల అమలుకు, కోర్టు ధిక్కారానికి పిటిషన్లు వేయవచ్చు. అయితే తల్లిని శిక్షిస్తే ఆ దెబ్బ బిడ్డకే తగులుతుందని జడ్జీలు వెనకాడతారు. బిడ్డను చూపలేదన్న కోపంలో తండ్రి మనోవర్తి ఆపేస్తే తన కేసును తానే పాడుచేసుకున్నట్టు. చట్టం దృష్టిలో మనోవర్తి, బిడ్డను చూసే అవకాశం వేర్వేరు విషయాలు.

తండ్రిని ఎక్కువగా దెబ్బతీసేది కాలయాపన. కేసు నడిచే ఏళ్లలో బిడ్డకు ఆ ఇల్లు, ఆ బడి, ఆ స్నేహాలే లోకమైపోతాయి. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు. ఏళ్లుగా సరిగా చూడని తండ్రిని బిడ్డ ఎలా కోరుకుంటుంది? ఒకరి దగ్గరే పెరుగుతూ రెండోవారిపై విముఖత పెంచుకునే ప్రమాదాన్ని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో గుర్తించింది. ఆ కేసులో బిడ్డ ఉన్నది తండ్రి దగ్గర, దూరమైంది తల్లి. ఈ బాధకు ఆడా మగా తేడా లేదు. హింస, వ్యసనం ఉన్నచోట బిడ్డకు రక్షణే ముందు. అలాంటి ఆరోపణపై త్వరగా విచారణ జరిపి తేల్చడం ఇద్దరికీ న్యాయం.

ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. అది పార్లమెంటు చట్టంగా రాలేదు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మాత్రం సెలవులు, పండుగలు, పుట్టినరోజులు పంచుకునేలా కోర్టులో రాజీ పత్రం రాసుకోవచ్చు. కస్టడీ ఉత్తర్వు శాశ్వతమూ కాదు. పరిస్థితులు మారితే మార్చమని మళ్లీ అడగవచ్చు.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఒకరు బిడ్డను భారత్‌కు తీసుకొచ్చేస్తే చిక్కు ఇంకా పెద్దది. పిల్లల అంతర్జాతీయ అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అక్కడి కోర్టు ఉత్తర్వు ఇక్కడ దానంతటదే అమలు కాదు, బిడ్డ క్షేమాన్ని ఇక్కడి కోర్టు మళ్లీ తూచి చూస్తుంది. అమెరికాలో ఉన్న దంపతుల కేసులోనే 2020లో సుప్రీంకోర్టు, కస్టడీ దక్కని తల్లి లేదా తండ్రికి బిడ్డతో వీలైతే రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఉండాలని, వీడియో కాల్ అందుకు ఉపయోగపడుతుందని చెప్పింది. దూరాన ఉన్న తండ్రి తన పిటిషన్‌లో ఈ కోరికను రోజు, వేళతో సహా ప్రత్యేకంగా రాయించుకోవాలి.