గత ఏడాది చివరి ర్యాంకు ఏం చెబుతుంది? మెడికల్ సీట్ల గణాంకాలను చదవడం

మధ్యగతం, వ్యాప్తి, శతాంశం అనే మాటలను ఇంతవరకు మీరు పరీక్ష కోసం చదివారు. ఈ భాగంలో వాటిని ఒక ఇంటి సమస్యకు వాడి చూద్దాం.

మీరు రేగొండలో ఉంటూ, పగలు పని చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నారనుకోండి. మీ చెల్లెలు నీట్ రాసింది, అర్హత సాధించింది. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మీరే కాబట్టి, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే పని మీ మీద పడుతుంది. ఒకవైపు భూపాలపల్లి, మరోవైపు పరకాల మీదుగా వరంగల్. ఉమ్మడి వరంగల్ జిల్లాలో 1959 నుంచి చాలాకాలం ప్రభుత్వ వైద్య కళాశాల అంటే కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే. 2022లో మహబూబాబాద్, 2023లో జనగామ, భూపాలపల్లి, 2024లో ములుగు, నర్సంపేట వచ్చాయి. ఇప్పుడు ఎంచుకోవడానికి ఉంది. అందుకే ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న కూడా వచ్చింది.

తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా సీట్లను భర్తీ చేసేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. ఏ కళాశాలలో, ఏ రిజర్వేషన్ వర్గంలో, ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో చూపే గత సంవత్సరాల పట్టికలు ఈ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. విద్యార్థులు వీటిని ‘లాస్ట్ ర్యాంకులు’ అంటారు. కోచింగ్ సెంటర్ల పుస్తకాలు, ఫోన్‌లో తిరిగే పీడీఎఫ్‌లు, ‘ఈ మార్కులకు సీటు గ్యారంటీ’ అనే వీడియోలు అన్నీ చివరికి ఈ పట్టికల నుంచి పుట్టినవే. అసలు పట్టిక ఉచితంగా దొరుకుతుంటే నకలును నమ్ముకోవలసిన పని లేదు.

మార్కులు కాదు, ర్యాంకు

పాత సంవత్సరం మార్కులను ఈ సంవత్సరం మార్కులతో పోల్చకండి. కారణం అంకెల్లోనే ఉంది. 2024 నీట్‌లో 720కి 720 మార్కులు మొదట 67 మందికి వచ్చాయి. సవరించిన ఫలితాల్లో వారు 17 మంది అయ్యారు. ఆ ఏడాది 600 మార్కులు దాటినవారు 81 వేలకు పైగా ఉన్నారు. 2025లో ప్రశ్నపత్రం కఠినంగా వచ్చింది. దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికే 686 మార్కులు. 600 దాటినవారు పదిహేను వందల లోపే. అంటే 600 మార్కులు ఒక ఏడాది మిమ్మల్ని 80 వేల మంది వెనక నిలబెడితే, మరుసటి ఏడాది పదిహేను వందల లోపలే నిలబెట్టాయి. ‘నిరుడు 600కి ఎక్కడ సీటు వచ్చింది’ అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరికినా, ఈ ఏడాదికి అది పనికిరాదు.

అర్హత మార్కుల సంగతీ ఇంతే. జనరల్ అభ్యర్థులకు అర్హత రేఖ 50వ శతాంశం. అది మారలేదు. దానికి సరిపడే మార్కులు మాత్రం 2023లో 137, 2024లో 162, 2025లో 144. శతాంశం అనేది ఎందరిని దాటామో చెప్పే కొలత, ఎన్ని ప్రశ్నలకు సరిగా రాశామో చెప్పే కొలత కాదు. పాఠంలో చదివిన ఈ తేడా ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది. ఇంకొక మాట. అర్హత వేరు, సీటు వేరు. 2025లో దేశం మొత్తం మీద 12 లక్షలకు పైగా అర్హత సాధించారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల చుట్టూ ఉన్నాయి.

నీట్ స్కోర్‌కార్డు మీద రెండు ర్యాంకులు ఉంటాయి. ఒకటి అఖిల భారత ర్యాంకు, రెండవది కేటగిరీ ర్యాంకు. ఈ రెండవదాన్ని చూసి చాలామంది సంతోషపడతారు. అది జాతీయ స్థాయి ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ జాబితాలోని స్థానం. మన రాష్ట్రంలోని బీసీ-ఎ, బీసీ-బి, బీసీ-డి వర్గాలకు దానితో సంబంధం లేదు. రాష్ట్ర పట్టికతో పోల్చవలసింది అఖిల భారత ర్యాంకునే. విశ్వవిద్యాలయం మెరిట్ జాబితాలో ఇచ్చే వరుస సంఖ్య మళ్లీ వేరు. ఒక పట్టికలోని అంకె ఏ ర్యాంకో దాని శీర్షికలో చూడకుండా రెండవ పట్టికకు పోవద్దు.

భాష దగ్గర కూడా కొంచెం జాగ్రత్త. ‘తక్కువ ర్యాంకు’ అంటే ఒకరికి మంచిది, మరొకరికి చెడ్డది. ఈ భాగంలో ‘ముందు ర్యాంకు’, ‘వెనక ర్యాంకు’ అనే వాడుదాం.

చివరి ర్యాంకు ఎవరిది?

చివరి ర్యాంకు అంటే చేరినవారిలో అందరికన్నా వెనక ఉన్న ఒక్కరి ర్యాంకు. సంఖ్యాశాస్త్రం మాటల్లో అది దత్తాంశంలోని అంత్య విలువ. మధ్యగతం ఒక్కరి వల్ల పెద్దగా కదలదు. అంత్య విలువ ఒక్కరి నిర్ణయంతోనే ఎగిరిపోతుంది. ఒక విద్యార్థిని పక్క జిల్లా కాలేజీకి మారితే చాలు, ఆమె సీటు వేల ర్యాంకుల వెనక ఉన్నవారికి వెళ్లవచ్చు.

ఇది ఎంత పెద్ద విషయమో లెక్క వేసి చూడండి. భూపాలపల్లి, జనగామ కళాశాలలు 100 సీట్ల చొప్పున మొదలయ్యాయి. అందులో 15 శాతం అఖిల భారత కోటాకు పోతే 85 మిగులుతాయి. బీసీ-బికి 10 శాతం అంటే ఎనిమిదో తొమ్మిదో సీట్లు. అందులో మూడో వంతు మహిళలకు అంటే సుమారు మూడు. మీరు పట్టికలో ‘బీసీ-బి మహిళలు’ గడిలో చూసే అంకె ముగ్గురి ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది. బీసీ-సికి ఒక శాతమే కాబట్టి ఆ గడిలో కనిపించేది దాదాపు ఒకే ఒక్కరి కథ. అదే ఓపెన్ కేటగిరీ గడిలో పదుల సంఖ్యలో విద్యార్థులు ఉంటారు. అందుకే ఆ అంకె ఏటేటా అంతగా ఊగిసలాడదు. చిన్న గడి మీద తక్కువ నమ్మకం, పెద్ద గడి మీద కొంచెం ఎక్కువ నమ్మకం. రిజర్వేషన్ ఉన్నవారు రెండు గడులూ చూడాలి, ఎందుకంటే ఓపెన్ సీట్లకు వారూ అర్హులే.

పట్టిక ఏ విడతదన్నది మరో ప్రశ్న. మొదటి విడత, రెండవ విడత, మాప్ అప్, స్ట్రే వేకెన్సీ అంటూ కౌన్సెలింగ్ సాగుతుంది. ముందున్నవారు అఖిల భారత కోటాకో, ఇంకో కళాశాలకో వెళ్లిపోయే కొద్దీ చివరి ర్యాంకు వెనక్కు జరుగుతుంది. నిరుటి ఆఖరి విడత అంకెను పట్టుకుని ఈ ఏటి మొదటి విడతలో సీటు రాలేదని కంగారు పడేవారు చాలామంది. పోల్చవలసింది మొదటి విడతను మొదటి విడతతోనే. ఫోన్‌లో వచ్చే పీడీఎఫ్‌లలో ఈ వివరమే తరచుగా ఉండదు. నా దృష్టిలో, విడత పేరు లేని పట్టిక చదవదగినది కాదు.

ప్రపంచంలో అన్ని చోట్లా ఇలా చివరి మనిషినే చూడరు. అమెరికాలో వైద్య కళాశాలల సంఘం ‘ఎంఎస్ఏఆర్’ అనే మార్గదర్శిని నడుపుతుంది. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలూ దరఖాస్తుకు ముందు దాన్ని తిరగేస్తారు. అందులో ప్రతి కళాశాలకూ ప్రవేశం పొందినవారి ఎంక్యాట్ స్కోరు, డిగ్రీ గ్రేడుల మధ్యగతం, 10వ, 90వ శతాంశాలు ఇస్తారు. అక్కడ స్కోరుతో పాటు ఇంటర్వ్యూ, సిఫారసు లేఖలు, సేవా అనుభవం కూడా చూస్తారు. కాబట్టి ‘ఈ స్కోరు దాటితే సీటు’ అనే గీత లేదు, లోపలివారు సాధారణంగా ఎలా ఉన్నారో చెప్పే మధ్యగతమే ఉపయోగం. మన దగ్గర ర్యాంకు, వర్గం, స్థానికత కలిస్తే సీటు తేలిపోతుంది. కాబట్టి గీత ఉంటుంది. కానీ ఆ గీత ఏటా కదులుతుంది.

నిబంధనలు మారితే పాత అంకెలు

గీత కదలడానికి విద్యార్థుల ఇష్టాలే కారణం కాదు. 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2023లో రాష్ట్రంలో ఒకేసారి తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు తెరుచుకున్నాయి. 2024 జూలైలో జీవో 33 వచ్చి, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు తెలంగాణలో చదివినవారే స్థానికులన్న నిబంధన పెట్టింది. అది కోర్టులకెక్కింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చి, 15 శాతం కోటా మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాలకు విడిపోయింది.

ఈ చివరి మార్పునే తీసుకోండి. మీరు ఎస్సీ కుటుంబానికి చెందినవారైతే, 2024 పట్టికలోని ‘ఎస్సీ’ అనే ఒకే గడి మీ గ్రూపు గురించి నేరుగా ఏమీ చెప్పదు. అందులో మూడు గ్రూపులవారూ కలిసి ఉన్నారు. ఇలాంటప్పుడు మూడేళ్ల సగటు తీయడం తప్పు. మార్పు తర్వాతి సంవత్సరాలనే లెక్కలోకి తీసుకోండి, ఒక్క సంవత్సరమే దొరికినా సరే.

ఆప్షన్ల వరుస

ఇప్పుడు అసలు పని. లెక్క కోసం ఒక కళాశాలను ఊహిద్దాం, పేరు ‘క’. మీ చెల్లెలి వర్గంలో మొదటి విడత చివరి ర్యాంకులు మూడేళ్లకు 96,000, 1,22,000, 1,15,000 అనుకోండి. ఆమె ర్యాంకు 90,000 అయితే మూడేళ్లలోనూ సీటు వచ్చేది, కనుక గట్టి ఆశ. 1,10,000 అయితే మూడింటిలో రెండేళ్లు వచ్చేది, కనుక చెప్పలేం. 1,40,000 అయితే ఏ ఏడాదీ రాలేదు. సగటు 1,11,000 అని తేల్చి, 1,10,000కు ‘వస్తుంది’ అనడం సరికాదు. వ్యాప్తి 26,000 ఉన్నచోట వెయ్యి ర్యాంకుల తేడాకు అర్థం లేదు.

ఇంతవరకు బాగానే ఉంటుంది. చాలా ఇళ్లలో దీని తర్వాత ఒక పొరపాటు జరుగుతుంది. ‘కాకతీయ ఎలాగూ రాదు, వచ్చేదాన్నే మొదట పెడదాం’ అని భూపాలపల్లినో మహబూబాబాద్‌నో మొదటి ఆప్షన్‌గా పెడతారు. సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో గుర్తుంచుకోండి. ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరిని తీసుకుని, వారి జాబితాలో పై నుంచి కిందికి వస్తూ, ఆ క్షణానికి ఖాళీ ఉన్న మొదటి కళాశాలను ఇస్తారు. పైన రాని కళాశాల పెట్టినందుకు కిందిది పోదు. మొదటి ఆప్షన్‌గా పెట్టినవారికి ఆ కళాశాలలో ప్రాధాన్యమూ ఉండదు. కాబట్టి వరుస పూర్తిగా మీ ఇష్టం ప్రకారమే ఉండాలి: బోధన, ఆసుపత్రిలో రోగుల సంఖ్య, హాస్టల్, ఇంటికి దూరం. పాత చివరి ర్యాంకులకు ఈ వరుసలో చోటు లేదు.

మరి ఆ గణాంకాలు దేనికి? జాబితా ఎంత పొడవు ఉండాలో తేల్చుకోవడానికి. ‘గట్టి ఆశ’ ఉన్న కళాశాలలు కనీసం నాలుగైదు వచ్చేదాకా జాబితా కిందికి సాగాలి. ఆరు పేర్లు పెట్టి ఆపేసిన విద్యార్థికి సీటు రాక, ఆమె కన్నా వెనక ర్యాంకు ఉండి ముప్పై పేర్లు పెట్టిన విద్యార్థికి ప్రభుత్వ సీటు రావచ్చు. ఆ తర్వాత మిగిలేది ఏడాదికి లక్షల ఫీజు ఉండే మేనేజ్‌మెంట్ కోటా, లేదా మరో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్. రేగొండలో ఏ రైతు కుటుంబానికైనా ఆ రెండూ బరువే.

రెండవ విడతలో మాత్రం పొడవైన జాబితా ప్రమాదం. మొదటి విడతలో సీటు వచ్చి చేరినవారికి రెండవ విడతలో వేరే సీటు వస్తే, మొదటిది వెంటనే మరొకరికి వెళ్లిపోతుంది. తిరిగి అడిగే వీలుండదు. చేతిలో ఉన్నదానికంటే నిజంగా మేలనుకున్న కళాశాలలనే అక్కడ పెట్టాలి. ఏ విడతలో ఏ షరతులో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదివి, చెల్లెలికీ చదివి వినిపించండి. సంతకం ఆమెది.

అభ్యాసం: మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి కళాశాలల చివరి ర్యాంకులను దొరికిన అన్ని సంవత్సరాలకు విశ్వవిద్యాలయం పట్టికల నుంచి రాసుకోండి. ప్రతి వర్గానికీ మొదటి విడత అంకెల వ్యాప్తి కనుక్కోండి. ఆ వర్గానికి ఉన్న సీట్ల సంఖ్యను పక్కన వేయండి. సీట్లు తగ్గేకొద్దీ వ్యాప్తి పెరుగుతోందా? పెరగని గడి ఏదైనా కనిపిస్తే, ఆ సంవత్సరాల్లో నిబంధనలు ఏవైనా మారాయేమో చూసి, కారణం నాలుగు వాక్యాల్లో రాయండి.