బిడ్డకు విడి పడక అలవాటు చేయడం ఎలా?



"బిడ్డను వేరే గదిలో ఎప్పటినుంచి పడుకోబెట్టవచ్చు సిస్టర్?" అని కొందరు తల్లులు అడుగుతుంటారు. ఆ మాట వింటేనే "పసిగుడ్డును ఒంటరిగా వదిలేస్తారా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడతారు. పెద్దవాళ్ళ భయంలో నిజముంది. అయితే బిడ్డకు విడి పడక కూడా అవసరమే.

మొదటి 6 నెలలు: గది ఒకటే, పడక వేరు

అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం, కనీసం మొదటి 6 నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, విడి పడక మీద నిద్రపోవాలి. నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు ఎక్కువగా ఈ నెలల్లోనే సంభవిస్తాయి. నిద్రలో తల్లి చేయి గాని, దుప్పటి గాని ముక్కుకు అడ్డం పడితే పసిబిడ్డ తొలగించుకోలేదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ పెద్దల పక్కలో నిద్రపోవడం మరింత ప్రమాదం. పొగ తాగేవారు, మద్యం సేవించినవారు, మత్తు కలిగించే మందులు వాడేవారు బిడ్డను పక్కలో వేసుకోకూడదు. రాత్రి పాలిచ్చాక బిడ్డను తిరిగి తన పడకలో వేయండి. సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రపోవద్దు.

పడక ఎలా ఉండాలి?

• గట్టిగా, చదునుగా ఉండాలి. తొట్టి కొనలేకపోతే మీ మంచం పక్కనే నేల మీద చాప, దానిపై మడత పెట్టిన బొంత బిగువుగా పరిస్తే చాలు.
• బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలయ్యాక ఇలాంటి మరణాలు సుమారు సగానికి తగ్గాయి.
• ఆవాల దిండు, వదులు దుప్పటి, మెత్తటి బొమ్మలు పడకలో ఉంచకూడదు.
• చీర ఉయ్యాలలో బిడ్డ ముడుచుకుపోయి, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందదు. రాత్రి నిద్రకు అది తగదు.
• దోమతెర కట్టండి. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ ఆ గదిలో వద్దు.

వేరే గది అలవాటు చేసే క్రమం

6 నెలలు దాటాక, మీ ఇంట్లో వీలుంటే నెమ్మదిగా ప్రారంభించండి.

1. ముందు పగటి నిద్ర ఆ గదిలో అలవాటు చేయండి.
2. రాత్రి రోజూ ఒకే వరుస పాటించండి: ఒళ్ళు తుడవడం, పాలు, జోలపాట, తరువాత పడక.
3. కళ్ళు మూతలు పడుతుండగానే పడకలో వేసి జోకొట్టండి. ఒడిలోనే నిద్రపోయిన బిడ్డ, మధ్యలో మెలకువ వస్తే మళ్ళీ ఆ ఒడి కోసమే ఏడుస్తుంది.
4. మొదటి వారం మీరో, నానమ్మో, అమ్మమ్మో పక్కనే చాప వేసుకుని పడుకోండి. తరువాత కొద్దికొద్దిగా దూరం జరగండి.
5. ఏడిస్తే వెంటనే వెళ్ళండి. ఆకలి, తడిగుడ్డ, జ్వరం ఉన్నాయేమో చూడండి. పెద్ద లైటు వేయకుండా, ఆడించకుండా నిద్రపుచ్చండి.

సుమారు 8, 9 నెలల్లో తల్లి కనబడకపోతే బిడ్డ బెంగపడుతుంది. ఇది సహజం. అప్పుడు గాని, ఒంట్లో బాగాలేనప్పుడు గాని, ప్రయాణాలలో గాని ఈ మార్పు మొదలుపెట్టవద్దు. విడి పడక వేసినంత మాత్రాన రాత్రి చనుబాలు మాన్పించనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం 4 నుంచి 11 నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి.

ఒకే గది ఉన్న ఇల్లయితే చింతించవద్దు. వేరే గది లేకపోయినా బిడ్డకు లోటు లేదు. విడి పడక ఉంటే చాలు.

బిడ్డ పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, పాలు తాగకుండా మగతగా ఉన్నా తెల్లవారే వరకు ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.