లాప్‌టాప్‌ పోర్టులు ఎందుకు తగ్గిపోతున్నాయి?

పాత లాప్‌టాప్‌ను, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి అంచులు చూద్దాం. పాతదానికి ప్రొజెక్టర్‌ కోసం వీజీఏ, టీవీ కోసం హెచ్‌డీఎంఐ, ఇంటర్నెట్‌ తీగకు లాన్‌, పెన్‌డ్రైవ్‌కు యూఎస్‌బీ, ఛార్జింగ్‌కు గుండ్రని పిన్ను, ఇలా ఒక్కో పనికి ఒక్కో పోర్టు ఉంటుంది. కొత్తవాటిలో కొన్నింటికి కోలగా ఉన్న రెండు చిన్న రంధ్రాలే కనిపిస్తాయి. మిగిలినవి ఏమయ్యాయి?

మొదటి కారణం మందం. లాప్‌టాప్‌లు పలచబడేకొద్దీ వీజీఏ, లాన్‌ వంటి ఎత్తయిన పోర్టులకు అంచులో చోటు లేకుండా పోయింది.

రెండో కారణం పద్ధతి మారడం. ఐబీఎం 1987లో తెచ్చిన వీజీఏ తన 15 పిన్నులతో బొమ్మను అనలాగ్‌ సంకేతంగా పంపుతుంది. నేటి తెరలు డిజిటల్‌వి. అందుకే 2010 డిసెంబరులో ఇంటెల్‌, ఏఎండీ, డెల్‌, లెనోవో వంటి కంపెనీలు వీజీఏను క్రమంగా మానేస్తామని ప్రకటించాయి.

మూడో కారణం యూఎస్‌బీ టైప్‌-సి. 1996లో వచ్చిన యూఎస్‌బీ రూపకర్తల్లో ఒకరు వడోదరలో చదివిన మన ఇంజనీరు అజయ్‌ భట్‌. 2014లో వచ్చిన టైప్‌-సి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తే ఉంటుంది. అయినా దానిలో 24 పిన్నులు అమరుతాయి. ఎటు తిప్పి పెట్టినా సరిపోతుంది. కరెంటు, డేటా, వీడియో మూడూ ఒకే తీగలో వెళ్లగలవు. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు, 2026 ఏప్రిల్‌ 28 నుంచి లాప్‌టాప్‌లకు టైప్‌-సి ఛార్జింగ్‌ను తప్పనిసరి చేసింది.

ఇంటిల్లిపాదికీ ఒకే రకం ఛార్జర్‌ ఉండటం మేలే. కాని ఆకారం ఒకటైనంత మాత్రాన పని ఒకటే కాదు. కొన్ని టైప్‌-సి పోర్టులు వీడియో పంపవు. ఛార్జర్‌తో వచ్చే తీగల్లో చాలావాటి డేటా వేగం సెకనుకు 480 మెగాబిట్లే. పాత పోర్టును చూడగానే దాని పని తెలిసేది. ఇప్పుడు పక్కనున్న గుర్తునో, మాన్యువల్‌నో చదివితేగాని తెలియదు.

బదిలీలపై ఊళ్లు మారే మనకు ఇది చిన్న విషయం కాదు. లాప్‌టాప్‌ కొత్తదైనా, చేరిన చోట ప్రొజెక్టర్‌ వీజీఏది కావచ్చు. సిగ్నల్‌ అందనిచోట లాన్‌ తీగే దిక్కు కావచ్చు. పెద్ద నగరంలో అడాప్టర్‌ పక్క వీధిలో దొరుకుతుంది. సుక్మాలో దొరక్కపోతే జగదల్‌పూర్‌ వెళ్లాలి, అది సుమారు వంద కిలోమీటర్లు. ప్రాజెక్టు చూపించాల్సిన రోజున అంత దూరం ఎవరు వెళ్లొస్తారు?

అందుకే సామాను సర్దేటప్పుడు మూడు పనులు చేద్దాం. మన పోర్టు వీడియో పంపుతుందో లేదో ముందే చూసుకుందాం. హెచ్‌డీఎంఐ, వీజీఏ, లాన్‌, పాత యూఎస్‌బీ ఉన్న ఒక హబ్‌ను లాప్‌టాప్‌ సంచిలోనే ఉంచుదాం. వీజీఏ అడాప్టర్‌ కొనేటప్పుడు దిశ చూద్దాం. దానిలోని చిప్‌ డిజిటల్‌ సంకేతాన్ని అనలాగ్‌గా మారుస్తుంది. తిరగేసి పెడితే అది పనిచేయదు.