పిల్లలు ప్రశ్నింపవచ్చునా?



పురాణ ప్రవచనము ముగిసిన పిమ్మట తల్లిదండ్రులు తరచుగా మమ్ములను అడుగు మాట ఒకటి కలదు. “మా పిల్లవాడు ప్రతిదానికిని ఎందుకని అడుగుచున్నాడు. భక్తి సన్నగిల్లునేమో!” అని. ఉపనిషత్తులను చూచినచో ఈ భయమునకు తావు లేదని మా అభిప్రాయము.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షిని చేరిరి. ఆయన వారిని కాదనలేదు, వెంటనే ఉపదేశింపనూ లేదు. తపస్సుతో, బ్రహ్మచర్యముతో, శ్రద్ధతో ఒక సంవత్సరము తన యొద్ద నివసింపుడనియు, పిమ్మట ఇష్టమైన ప్రశ్నలు అడుగుడనియు, తమకు తెలిసినచో చెప్పెదమనియు పలికెను. ఆ “తెలిసినచో” అను మాటను గమనింపుడు. ఆ ఆరుగురిలో సుకేశుడు అంతకు పూర్వమే, కోసల రాజపుత్రుడైన హిరణ్యనాభుడు షోడశకళల పురుషుని గూర్చి అడుగగా, తెలియదని చెప్పి, అసత్యమాడువాడు సమూలముగా ఎండిపోవునని వెరచినవాడు. అట్టివారే అట్లు పలుకగా, “నాకు తెలియదు నాయనా, విచారించి చెప్పెదను” అని బిడ్డతో అనుటకు మనకు నామోషీ ఎందుకు? నోరు మూయించి పెంచిన పిల్లవాడు రేపు ఎవరేమి చెప్పినను నమ్మును.

అయితే ఆ సంవత్సర నివాసమును మరువరాదు. నోటికి వచ్చినదెల్ల ప్రశ్న కాదు. వేదపాఠశాలలో గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండు మార్లు చెప్పుదురు. ఒకని స్వరము తప్పినచో ప్రక్కవాడు సరిదిద్దును. కలిసి బ్రతుకుట పిల్లలకు అచటనే అలవడును.

ఛాందోగ్యములో సత్యకాముని కథ మరియొక విధము. గౌతముడు అతనికి బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించెను. అవి వేయి అగువరకు తిరిగి రానని అతడు అడవికి పోయెను. అచట వృషభము, అగ్ని, హంస, మద్గువను నీటిపక్షి ఒక్కొక్క పాదముగా బ్రహ్మమును బోధించినవి. మందను సాకిన వానికే మంద పాఠము చెప్పినది.

ఇట్టి కథలు పూర్వయుగములకే చెల్లునందురా? మన కలిగిరి మండలములోని దూబగుంటను తలచుకొనుడు. 1991 ప్రాంతమున జిల్లాలో సాక్షరతా ఉద్యమము సాగినప్పుడు అక్కడి స్త్రీలు పగలెల్ల కూలి చేసి, రాత్రి వాచకము పట్టిరి. సారా వలన కూలిన కాపురమును గూర్చి పాఠము చదివి, ఇది మన ఇంటి కథయే కదా, ఎందుకు సహింపవలెనని తర్కించుకొనిరి. రోశమ్మ వంటివారు ముందు నిలువగా ఊరిలో సారా అమ్మకమును ఆపిరి. వారి కథయే “ఆడవాళ్ళు ఏకమైతే” అను పాఠమై ఇతర గ్రామములకు పోయినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధము వచ్చినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినదనుట కూడ నిజమే. పిల్లలకు ఆ మాటయు దాచక చెప్పవలెను. ఎందుకు సడలినదని వారడుగుదురు, అడుగనిండు.

ప్రకృతి విషయమున నేలపట్టు చాలు. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఆ ఊరి చెరువులోని కడపచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టును. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని రైతులు వాటిని ఆదరించుచు వచ్చిరి. 1976లో అది పక్షి సంరక్షణ కేంద్రమైనది. ప్రజల ఆదరము అంతకన్న పాతది.

మనమో, కార్తికమున ఉసిరిచెట్టుకు పూజ చేసి, దాని క్రిందనే ప్లాస్టిక్ విస్తళ్ళు పారవేసి వచ్చుచున్నాము! మనది మెట్టప్రాంతము, చెరువే ప్రాణము. ఈ కార్తికములో వనభోజనమునకు పోవునప్పుడు మోదుగాకు విస్తళ్ళు పిల్లల చేతనే కుట్టింపుడు. తిరిగి వచ్చునప్పుడు వారిని చెరువుకట్ట మీదికి తీసికొనిపోయి, తూము ఎక్కడ, అలుగు ఎక్కడ, అది కడసారి ఎప్పుడు పారినది, పూడిక ఎవరు తీయుదురు అని ఊరి పెద్దరైతును వారి చేతనే అడిగింపుడు.