నడుము పట్టిందా? చేతివైద్యం ఎంతవరకు?

చౌడేపల్లె: టమోటా పెట్టెలు ఎత్తినప్పుడో, బావి దగ్గర బిందె వంచినప్పుడో నడుము పట్టిందంటే, ఎదురుకాళ్లతో పుట్టినవారిని పిలిచి తొక్కించుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉండనే ఉంది. పుత్తూరు దగ్గరి రాచపాళెంలో ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టే ఈ కట్టు కోసం ఇతర రాష్ట్రాల వారు కూడా వస్తుంటారు.

నగరాలలో ఇప్పుడు 'కైరోప్రాక్టిక్' అనే మరో చేతివైద్యం వినిపిస్తున్నది. మందులు, కోత లేకుండా వెన్నుపూసలను, కీళ్లను చేతులతో చటుక్కున నొక్కి సడలించడమే ఇందులోని పని. అమెరికాలోని డావెన్‌పోర్ట్ ఊరిలో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ దీనిని ఆరంభించాడు. వెన్నుపూస నొక్కి ఒక చెవిటివానికి వినికిడి తెప్పించానని ఆయన చెప్పుకున్నాడు. రోగాలకు మూలం వెన్నులోనే ఉందన్న ఆయన వాదాన్ని వైద్యశాస్త్రం అంగీకరించలేదు. అయితే నడుము నొప్పికి ఈ వైద్యం కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనల్లో తేలింది. నొక్కినప్పుడు వచ్చే 'పటుక్కు' శబ్దం ఎముక చోటుకు చేరిన గుర్తు కాదు. కీలులోని ద్రవంలో గాలిబుడగ ఏర్పడటం వల్ల వచ్చేది.

నడుము పట్టులో చాలా భాగం కొద్ది వారాలలో దానంతట అదే తగ్గుతుంది. మంచం పట్టకుండా మెల్లగా తిరుగుతుండటం మేలు. కానీ కొన్ని గుర్తులు కనబడితే తొక్కించరాదు, నొక్కించరాదు. కాళ్లలో బలం తగ్గడం, తొడల మధ్య స్పర్శ పోవడం, మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, జ్వరంతో కూడిన నొప్పి, చెట్టు మీదనుంచో బండి మీదనుంచో పడిన దెబ్బ - వీటిలో ఏది ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు వెన్ను నొక్కితే అవి విరిగే ప్రమాదముంది. మెడను చటుక్కున తిప్పించుకోవడం వల్ల అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు.

విరిగిన ఎముకకు ఎక్కడ కట్టు కట్టించుకున్నా ముందుగా ఎక్స్‌రే తీయించాలి. చర్మం చీలి ఎముక బయటపడితే ఆసుపత్రే గతి. కట్టు కట్టిన తర్వాత వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఓర్వలేనంతగా పెరిగినా తెల్లవారేదాకా ఆగరాదు. బిగిసిన కట్టు రక్తం ఆడనివ్వక కొద్ది గంటలలోనే చెయ్యో కాలో పోయేట్లు చేయగలదు.

హస్తవాసి మంచిదే కావచ్చు. ఏ నొప్పికి ఏ చెయ్యి అన్నది తెలుసుకోవడం అంతకన్నా మంచిది.